మొహమాటానికి పోతే ట్రయథ్లాన్

మొహమాటానికి పోతే కడుపైందని మా గుంటూరు వైపు ఒక సామెత. మగవాళ్ల ముందు అనరు గానీ, ఆడవాళ్లు నలుగురు చేరితే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మా బావగారు కోటేశ్వరరావుకి యాభై రెండేళ్ల వయసులో మొహమాటానికి పోయి ట్రయథ్లాన్ అయింది.

ట్రయథ్లాన్ అంటే ఏమిటో అప్పటిదాకా నాకూ తెలియదు కాబట్టి చెబుతున్నాను. ముందు చెరువులో ఈదాలి. ఒడ్డుకొచ్చి ఆ తడి ఒంటితోనే సైకిలెక్కాలి. సైకిలు దిగి పరుగెత్తాలి. మూడూ ఒకే పొద్దున, మధ్యలో ఎక్కడా కూలబడకుండా. జనం డబ్బులు కట్టి మరీ ఈ శిక్ష వేయించుకుంటారు. మా బావగారి పేరు ఎక్కినది వాటిలోకెల్లా చిన్నదే. అయినా అరమైలుకి కాస్త తక్కువ ఈత, పన్నెండు మైళ్ల సైకిలు, మూడు మైళ్ల పరుగు. అప్పటికి ఆయనకి ఈత రాదు.

ఇదెలా జరిగిందంటే, ఇక్కడ అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన ఎక్విప్‌మెంట్ ఇంజనీరు. పక్క సీటులో రోసా అని ఒకావిడ ఉంటుంది. పిల్లలు చేతికందొచ్చాక ఇలాంటి పందాల పిచ్చిలో పడింది. ఏప్రిల్లో టెంపీ టౌన్ లేక్ దగ్గర పోటీ ఉంది, మన గ్రూపు నుంచి నలుగురం వెళ్దాం, వస్తావా అని అడిగింది. బావగారు 'వుయ్ విల్ సీ' అన్నారు. మనలో మనకి 'చూద్దాం' అంటే రానని అర్థం. పెళ్లికి పిలిస్తే చూద్దాం అన్నవాడి లెక్కన ఎవరూ ఎసట్లో బియ్యం పొయ్యరు. రోసా అమ్మానాన్నలది మెక్సికో, ఆవిడ పుట్టింది ఫీనిక్సులో, ఈ మర్మం ఆవిడకెలా తెలుస్తుంది? సోమవారానికల్లా ఆయన పేరు నమోదు చేసేసి, కుర్చీ మీద ఒక టీషర్టు కూడా పెట్టింది.

ఆయన ఆ టీషర్టు పట్టుకుని ఇంటికొచ్చి మా అక్కకి చూపించారు. మా అక్క నాగమల్లేశ్వరి, మల్లి అంటాం, తలపట్టుకుని, రానని అక్కడే చెప్పెయ్యలేకపోయారా అంది.

"సరిగ్గా నా సైజే తెచ్చింది మల్లీ. ఎలా చెప్పను?" అన్నారట.

నేను మల్లి చెల్లెలు రేణుని. వాళ్లకి రెండు వీధుల అవతల ఉంటాను. ఒక డెంటిస్టు దగ్గర ఫ్రంట్ డెస్కులో పనిచేస్తాను. నాకు నోరెక్కువని పేరుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఇన్సూరెన్సు వాళ్లతో రోజంతా దెబ్బలాడి వచ్చే మనిషికి నోరు తక్కువైతే కుదరదు. మా ఇంట్లో మొహమాటంలో నా వాటా కూడా బావగారికే పోయిందని అమ్మ అంటూ ఉండేది.

ఆయన మొహమాటం సంగతి చెప్పాలంటే వాళ్ల వంటింట్లోంచి మొదలుపెట్టాలి. అక్కడ మూడు వాటర్ ఫిల్టర్లున్నాయి. షాపులో పప్పుల దగ్గర నిలబడి ఉంటే, మీరు తెలుగువాళ్లాండీ అని ఒక జంట పలకరిస్తుంది. ఫోన్ నంబర్ తీసుకుంటుంది. రెండో ఆదివారం ఇంటికొచ్చి కాఫీ తాగి, ఒక మంచి బిజినెస్ ఆపర్చునిటీ ఉంది అంటుంది. ఇరవై ఏళ్లలో అలాంటి జంటలు మూడు తగిలాయి, మూడింటి దగ్గరా ఆయన ఫిల్టరు కొన్నారు. ఎవరి అత్తమామలు ఇండియా నుంచి దిగినా ఎయిర్‌పోర్టుకి కారు తీసేది ఆయనే. ఎవరు ఇల్లు మారినా సోఫా రెండో కొస ఆయన చేతిలో ఉంటుంది. ఉగాది ఫంక్షన్లో స్టేజీ మీద శాలువాలు కప్పించుకునేవాళ్లు వేరు, హాలంతా ఖాళీ అయ్యాక కుర్చీలు మడిచేది ఆయన. జుట్టు కత్తిరించేవాడు ఒక చెవి పైన ఎక్కువ కోసేసినా, అద్దంలో చూసుకుని 'పర్‌ఫెక్ట్' అని టిప్పు పెట్టి వస్తారు.

జనం దీన్ని మంచితనం అంటారు. నేననను. ఆయన మంచివాడే, అందులో సందేహం లేదు. కానీ మొహమాటం అనేది మంచితనం బట్టలు కట్టుకుని తిరిగే భయం. ఎదుటివాడి మొహం చిన్నబోతుందేమో, నావల్ల ఎవరికి శ్రమ కలుగుతుందో అని పొద్దున లేస్తే ఒకటే భయం. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన ఈ దేశం వచ్చిన మొదటి ఏడు, మేనేజరు ఇంటికి భోజనానికి పిలిచారు. ఆ ఇంటావిడ ప్లేటు చేతికిచ్చి తినమంటే, 'నో థాంక్స్, ఐ యామ్ ఫుల్' అన్నారు. మన దగ్గర అది కేవలం మొదటి మాట. రెండోసారి గట్టిగా అడుగుతారు, మూడోసారి చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెడతారు, అప్పుడు సరే మీ మాట కాదనలేక అంటూ కడుపునిండా తింటాం. అమెరికావాళ్లు ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే అనుకుంటారు, పాపం, అది వాళ్ల మర్యాద. బావగారు ఘుమఘుమల మధ్య మూడు గంటలు కూర్చుని, రూముకొచ్చి బ్రెడ్డు తిని పడుకున్నారు. ఈ కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ చెప్పుకుని నవ్వుకుంటాం. ఆయన కూడా నవ్వుతారు.

సరే, తా దూర కంత లేదు మెడకో డోలన్నట్టు, అసలే ఊళ్లోవాళ్ల పనులతో తీరిక లేని మనిషి నెత్తిన ఇప్పుడు ఈ ట్రయథ్లాన్ కూర్చుంది. ఈత నేర్పే బాధ్యత కూతురు హాసిని తీసుకుంది. అది టెంపీలో యూనివర్సిటీలో చదువుతోంది. హైస్కూల్లో ఉన్నప్పుడు ఎండాకాలం సిటీ పూల్‌లో లైఫ్‌గార్డుగా చేసింది. పిల్ల గట్టిది, దాని తెలుగే కాస్త కుంటుతుంది.

మొదటిరోజు నేనూ అక్కా గట్టు మీద కూర్చుని చూశాం. బావగారు తల నీళ్లలో పెట్టి, కాళ్లు కొట్టి, నాలుగు బారలు వెయ్యగానే లేచి నిలబడి ఆయాసపడుతున్నారు. హాసిని ఆయన వీపు నిమురుతూ చెప్పింది.

"నాన్నా, నువ్వు బ్రెత్ అంతా నీ దగ్గరే పెట్టుకుంటున్నావ్. అది బయటికి ఇవ్వాలి. నీళ్లకి ఇచ్చెయ్యి."

ఊపిరి కూడా ఇవ్వడానికి మొహమాటమేనా అని నేను గట్టు మీంచి అన్నాను. అక్క నా తొడ మీద గిల్లింది.

ఈత కన్నా పెద్ద చిక్కు ఆ పూల్‌లో ఇంకోటొచ్చింది. అక్కడ తాళ్లు కట్టి వరసలు చేసి ఉంటారు, ఒక్కో వరసలో ఇద్దరు ముగ్గురు కలిసి ఈదొచ్చు. ఈయన ఉన్న వరసలోకి ఎవరు దిగినా, మీరు కానివ్వండి అన్నట్టు చెయ్యి చూపించి గోడకి అతుక్కుపోయేవారు. అవతలివాళ్లు ఒక పావుగంట ఈది వెళ్లిపోయాక మళ్లీ మొదలు. ఇంకొకరు దిగితే మళ్లీ గోడ. నెల తిరిగేసరికి గోడ పట్టుకుని నిలబడటంలో ఆయన్ని మించినవాళ్లు లేకుండా పోయారు. హాసినికి ఓపిక నశించి, నువ్వు ఆగితే నేనూ ఇంటికెళ్లిపోతాను అని బెదిరించింది. కూతురు అలిగితే ఆ మొహమాటం వేరే కాబట్టి, ఈయన ఈదడం మొదలుపెట్టారు.

ఈదారు. అదే విచిత్రం. సంక్రాంతి దాటేసరికి పూల్ ఈ కొస నుంచి ఆ కొసకి ఆగకుండా వెళ్తున్నారు. హాసిని పాత సైకిలుకి సీటు ఎత్తించుకుని ఆదివారాలు తొక్కుతున్నారు. తెల్లవారుజామున కాలవగట్టు మీద పరుగు. బెల్టుకి కొత్త చిల్లు పడింది. నాకు తెలిసిన బావగారు మునుపు ఫోన్ మోగితే చాలు తుళ్లిపడి తీసేవారు. ఇప్పుడు ఫోన్ ఇంట్లో వదిలేసి పూల్‌కి వెళ్తున్నారు, ఎయిర్‌పోర్టు పిలుపులు రెండు తప్పిపోయాయి. ఆ విషయం అక్క నాకు గుసగుసగా చెప్పింది, ఏదో పాపం జరిగినట్టు.

ఫిబ్రవరిలో రోసాకి మోకాలి ఆపరేషన్ అయింది. మిగతా ఇద్దరు కొలీగ్స్ కూడా ఏవో కారణాలు చెప్పి జారుకున్నారు. రోసా ఫోన్ చేసి, టీమే లేదు కాబట్టి నువ్వొక్కడివీ చెయ్యక్కర్లేదు, నిన్ను ఇందులోకి లాగినందుకు సారీ అని చెప్పింది. ఆ సాయంత్రం అక్క ఆ సంతోషంలో పెసరట్లు వేసింది. అయిదారు నెలలుగా ఆవిడకి నిద్ర లేదు మరి. గండం గడిచింది అనుకుంటూ అందరం తింటుంటే బావగారు రెండో పెసరట్టు మధ్యలో తలెత్తి, నేను చేస్తాను అన్నారు. ఎవరూ అడగకుండా ఆయన నోట 'చేస్తాను' అనే మాట నేను వినడం అదే మొదటిసారి.

ఎందుకన్నారో నాకు తర్వాత తెలిసింది. ఏప్రిల్లో కూడా ఆ చెరువు నీళ్లు చల్లగా ఉంటాయి, ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు వేసుకోవాలి. అది అద్దెకిచ్చే షాపు దాకా నేను డ్రైవ్ చేశాను. దారిలో అడిగాను, తప్పించుకునే దారి దేవుడే చూపిస్తే వద్దన్నారేమిటి బావగారూ అని. ఆయన కిటికీ వైపు తిరిగి చెప్పారు.

"నీళ్లలో తల పెడితే నన్నెవరూ ఏమీ అడగరు రేణూ. ఎవరికీ సరే అనక్కర్లేదు. ఈ వయసుకి నాకంటూ కావాలనిపించింది ఇదొక్కటే. ఇది పూర్తి చెయ్యకపోతే ఇంక నాదంటూ ఏమీ ఉండదు."

ఆ రోజు నేనాయన్ని ఏడిపించలేదు. ఇన్నేళ్లుగా ఆ మనిషికి ఏం కావాలో మేమెవరమూ అడగలేదని అప్పుడు తోచింది, తోచి సిగ్గేసింది. షాపు ముందు కారాపగానే నాకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, ఆయనే లోపలికి వెళ్లి పది నిమిషాల్లో సూటు తెచ్చుకున్నారు. సైజు చూసుకున్నారా అంటే చూసుకున్నానన్నారు. చూసుకున్నది నిజమే.

పోటీ రోజు పొద్దున్నే నలుగురం టెంపీ చేరాం. చెరువు ఒడ్డున వందలమంది, సగం మందికి ఒళ్లంతా కండలే. ఫ్యాక్టరీలో తల నుంచి కాలి దాకా తెల్ల ముసుగు నిమిషంలో తొడుక్కునే మనిషి ఈ నల్ల సూటుతో అరగంట కుస్తీ పట్టారు. అక్క ఒక కాలు, హాసిని ఒక కాలు పట్టుకుని లాగారు. చిన్న గలీబులో పెద్ద దిండు కుక్కినట్టయింది. వెనక జిప్పు నేను ఎక్కిస్తుంటే అది సగంలో మొరాయించింది. చూస్తే, ఒక సైజు చిన్నది.

"ఆ అమ్మాయి మొదట ఇదే తెచ్చింది. మళ్లీ లోపలికి పంపించడం ఏం బావుంటుందని..." అన్నారు.

నేను తిట్టడానికి నోరు తెరిచేలోపే హాసిని మోకాలు ఆయన నడుముకి ఆనించి జిప్పు పైకి లాగేసింది. ఊపిరి ఆడుతోందా నాన్నా అంటే ఆడుతోందన్నారు. అడిగితే ఆయన ఆడటం లేదంటారా?

మైకులో నియమాలన్నీ చెప్పారు. నీళ్లలో అక్కడక్కడ కయాకుల్లో, అంటే ఒక్కరు తెడ్డు వేసే చిన్న పడవల్లో, వలంటీర్లు ఉంటారు. ఎవరికైనా ఆయాసం వస్తే చెయ్యెత్తి పిలవొచ్చు, పడవ పట్టుకుని ఎంతసేపైనా తేలొచ్చు, పడవ ముందుకు కదలనంతవరకు తప్పేమీ కాదు. బావగారు శ్రద్ధగా తలూపుతూ విన్నారు. మాకు చెయ్యూపి, నారింజరంగు టోపీల గుంపులో కలిసి నీళ్లలోకి దిగారు.

మేం గట్టు మీద రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. మొదట్లో బాగానే వెళ్లారు. గుంపు ముందుకు సాగిపోయింది, ఈయన చివర్లో నిదానంగా ఒకటే వేగంతో చేతులు వేస్తున్నారు. హాసిని మురిసిపోయి ఫోన్లో వీడియో తీస్తోంది. తిరుగు మలుపు దగ్గర, పెద్ద పసుప్పచ్చ బెలూను ఉన్నచోట, ఆయన ఆగారు. తల పైకెత్తి నిలువుగా తేలుతున్నారు. ఒక చెయ్యి మెడ దగ్గర పెట్టుకుని సూటు లాగుతున్నారు. ఆ బిగుతు సూటు ఛాతీని నొక్కేస్తోందని ఇంత దూరానికి నాకే తెలుస్తోంది.

ఒక కయాకు ఆయన దగ్గరికి వెళ్లింది. అందులో పొట్టి జడ వేసుకున్న పిల్ల ఒంగి ఏదో అడిగింది. హమ్మయ్య అనుకున్నాం. బావగారు నీళ్లలోంచి బొటనవేలు పైకెత్తి చూపించారు. పిల్ల తలూపి తెడ్డు తిప్పుకుని వెళ్లిపోయింది.

హాసిని వీడియో ఆపేసింది. "వై? పట్టుకోవచ్చు కదా, రూల్ ఉంది కదా. నాన్న ఎందుకు పట్టుకోవట్లేదు?" అంది.

మా అక్క రెయిలింగు గట్టిగా పట్టుకుని, చాలా మెల్లగా చెప్పింది. "రెండోసారి అడుగుతుందని చూస్తున్నారే."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే గుండె జారింది. నిజమే. ఆ మనిషి చెరువు మధ్యలో ఊపిరాడక తేలుతూ కూడా మొదటిసారికి వద్దండీ అన్నారు. పడవ ఇంకా దూరమవుతోంది. ఆయన తల ఒకసారి నీళ్లలోకి వెళ్లి పైకొచ్చింది. అప్పుడు మా అక్క, పక్కింటికి వినపడేలా పిల్లని కూడా కేకెయ్యని మా అక్క, గట్టు మీద వందమంది తిరిగి చూసేలా అరిచింది.

"ఏమండీ! ఆ పిల్ల మళ్లీ అడగదు! మీరే అడగండి!"

చెరువు మీద చెయ్యి లేచింది. నిటారుగా, వేళ్లన్నీ చాచి. కయాకు గిరుక్కున తిరిగింది.

అక్కడేం జరిగిందో తర్వాత ఆయనే చెప్పారు. అక్క కేక ఆయనకి అసలు వినపడలేదట, చెవుల నిండా నీళ్లు, పైన టోపీ. తన కేకే వినపడిందని అక్క ఇప్పటికీ నమ్ముతుంది, మేమెవరం కాదనం. పడవ వెళ్లిపోతుంటే, ఇది కూడా పోయింది, ఇంక నాకేమీ లేదు అనుకున్నారట. కోపమొచ్చిందట, తన మీద తనకి. గొంతెత్తి పిలిచారు. ముందు 'ఎక్స్‌క్యూజ్ మీ' అన్నారని, ఆ తర్వాతే 'హెల్ప్' అన్నారని ఆయనే ఒప్పుకున్నారు. మునుగుతూ ఎక్స్‌క్యూజ్ మీ అన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆ పిల్ల పడవ ముక్కు ఆయన చేతికి అందించి, మెడ దగ్గర పట్టీ వదులుచేసి, వీపు మీద జిప్పు జానెడు కిందికి దింపింది. తొందరేమీ లేదు, నీకెంతసేపు కావాలంటే అంతసేపు అందట. బావగారు మామూలుగానైతే ఫర్వాలేదు ఫర్వాలేదు అంటూ క్షణంలో వదిలేసేవారు. ఆ రోజు వదల్లేదు. మేం చూస్తుండగా, ఆ పడవ పట్టుకుని, తాపీగా, ఊపిరి పూర్తిగా సర్దుకునేదాకా ఉన్నారు. తర్వాత ఆ పిల్లకి ఏదో చెప్పి తల నీళ్లలో పెట్టారు. అందరికన్నా ఆఖరున, ఈతకిచ్చిన గడువుకి కొంచెం ముందు, మెట్లెక్కి వచ్చారు. కళ్లెర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూసి నవ్వారు. అక్క ఏడుస్తూ సైకిలు అటుందండీ అని చూపించింది, అది ఆయనకీ తెలుసు.

సైకిలు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అప్పటికే రెండో చుట్టులో ఉన్నవాళ్లు వెనకనుంచి వచ్చి ఎడమ పక్క అని అరిచి దాటిపోతుంటే, ఈయన దారివ్వడంలో ఆరితేరినవాడు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. దిగేసరికి తొడలు పట్టేశాయి. పరుగు మొదలయ్యే వేళకి అరిజోనా ఎండ తన సంగతి చూపించడం మొదలుపెట్టింది. చెరువు చుట్టూ దారి, నీడ తక్కువ. మొదటి మైలు పరుగెత్తారు, రెండో మైలు కొంత నడిచారు, తర్వాత మొత్తం నడకే.

గాలి నింపి నిలబెట్టిన ముగింపు గేటు దగ్గర అక్కా హాసినీ ఉండిపోయారు. రోసా కూడా మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చి మడతకుర్చీలో కూర్చుంది. ఆయన ఎంతకీ కనపడకపోతే నేను ఎదురువెళ్లాను. చేతిలో అక్క ఇచ్చిన మజ్జిగ సీసా. బయటివాళ్లు ఏమీ ఇవ్వకూడదు, పక్కన నడవకూడదు, అలా చేస్తే ఆయన్ని తీసేస్తారని హాసిని నాకు పదిసార్లు చెప్పి పంపింది. దాహంతో ఉన్న మనిషికి మజ్జిగ ఇస్తే తప్పట. ఆ రూలు రాసినవాడు నా చేతికి దొరకాలి.

వంతెన దగ్గర కనపడ్డారు. కాలు ఈడుస్తూ వస్తున్నారు. ఆయన వెనకే ఒక చిన్న బండి మెల్లగా వస్తోంది, తెల్ల మీసాల వలంటీరు ఒకాయన నడుపుతున్నాడు. ఆ బండి వెనక ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు మీది నారింజ శంకువులు ఏరుతున్నారు. ఆయన దాటిన చోటల్లా పోటీ అయిపోతోంది, తీసి లారీలో పెట్టేస్తున్నారు.

మీసాలాయన బండి పక్కకి తెచ్చి, మర్యాదగానే చెప్పాడు. ఇంకో పావుగంటలో ముగింపు గీత మూసేస్తారు. ఈ నడకతో అందుకోలేవు. ఎక్కి కూర్చో, గేటు దాకా దింపుతాను, మెడల్ ఎలాగూ ఇస్తారు, నీ తర్వాత ఎవరూ లేరు, అందరూ నీ కోసమే ఉన్నారు.

ఆ ఆఖరి మాట వినగానే నేను ఆశ వదిలేసుకున్నాను. అందరూ నీ కోసమే ఉన్నారు. ఇంకెవరితోనైనా అనొచ్చు, మా బావగారితో అనకూడని మాట అది. వేరేవాళ్ల అత్తగారి విమానానికి కూడా గంటన్నర ముందు వెళ్లి నిలబడే మనిషి, తన కోసం ఇంతమందిని ఎండలో నిలబెడతారా? బండి ఎక్కేస్తారు. ఎక్కి, ఆ కుర్రాళ్లకి సారీ చెప్పి, శంకువులు కూడా తనే ఏరతారు. ఒద్దు బావగారూ, ఎక్కొద్దు అని నోటిదాకా వచ్చింది. ఈ ఒక్కటీ ఆయనే చెప్పాలని నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

ఆయన ఆగారు. బండి వంక చూశారు. వెనక్కి తిరిగి ఆ కుర్రాళ్లని, వాళ్ల చేతుల్లో శంకువులని చూశారు. చెమట కళ్లల్లోకి కారుతుంటే తుడుచుకున్నారు. మొహంలో ఆ పాత బాధ, ఎవరికో శ్రమ ఇస్తున్నానన్న బాధ, నాకు స్పష్టంగా కనపడింది. మీసాలాయన పక్క సీటు మీద చేత్తో తట్టాడు.

"నో సర్," అన్నారు బావగారు. గొంతు సన్నగా వచ్చింది. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పారు. "ఐ యామ్ స్లో. ప్లీజ్ వెయిట్ ఫర్ మీ."

మీసాలాయన భుజానికున్న రేడియో తీసి, ఇంకొకాయన వస్తున్నాడు, మనల్ని ఆగమంటున్నాడు అని చెప్పాడు. అటునుంచి గరగరమని ఏదో జవాబొచ్చింది. ఆయన రేడియో పెట్టేసి, సరే, ఆగుతాం అన్నాడు.

నేను మజ్జిగ సీసా గుండెకి హత్తుకుని గేటు దాకా పరుగెత్తాను, బహుశా ఆ దారిలో ఆ రోజు నాదే మంచి పరుగు. వస్తున్నారని అక్కకి చెబుతుంటే ఏడుపొచ్చేసింది. అప్పటికే సగం గాలి తీసేసిన గేటుని మళ్లీ నిలబెట్టారు. అరటిపళ్లు పంచేవాళ్లు మడిచిన టేబుల్ దగ్గరే నిలబడ్డారు. మైకాయన చెట్టు నీడలోంచి ఇవతలికి వచ్చాడు. రోసా కుర్చీలోంచి లేచి, ఒంటికాలి మీద బరువు మోపి నిలబడింది. గడువు అయిపోయింది, ఎవరూ కదల్లేదు. ఆ ఎండలో అందరం ఒకే వైపు చూస్తూ నిలబడ్డాం.

మలుపు తిరిగి కనపడ్డారు. అంతమంది తన కోసం ఆగి ఉన్నారని చూశారు. చూసి కూడా మా బావగారు తొందరపడలేదు. తన నడక తను నడుచుకుంటూ వచ్చారు.